బాయిలర్ పరీక్షకుడి నడుము

బాయిలర్ నెత్తిన మనిషి దిగడానికి ఒక కంత ఉంటుంది. కోడిగుడ్డు ఆకారం. పొడవు పదహారు అంగుళాలు, అడ్డం పన్నెండు. కంత ఇంకా పెద్దదైతే ఆవిరి ఒత్తిడికి ఆ చోట రేకు బలహీనపడుతుంది. ఇంకా చిన్నదైతే మనిషి పట్టడు. మనిషి కోసం ఇనుము తగ్గగలిగినంత తగ్గింది. మిగిలిన తగ్గుదల మనిషే చూసుకోవాలి.

అటువంటి కంతల్లోంచి ముప్పై ఏళ్లుగా దిగుతూ వచ్చిన పరీక్షకుడు ఒకాయన ఉన్నాడు. వయసు యాభై మూడు. సంవత్సరానికొకసారి బాయిలర్ చల్లార్చి, నీళ్లు వదిలేసి, మూత విప్పినప్పుడు ఈయన లోపలికి దిగుతాడు. గొట్టాల మీద బోర్లా పడుకుని, అతుకు అతుకునూ చిన్న సుత్తితో తట్టి, చెవి ఒగ్గి వింటాడు. గట్టి ఇనుము గంటలా పలుకుతుంది. లోలోపల తుప్పు తినేసిన ఇనుము జలుబు చేసినవాడిలా పలుకుతుంది. అందుకే ఆఫీసులో ఆయనకు సుత్తిగారు అని పేరు. ఆ పేరుకు రెండో కారణం కూడా ఉందనీ, ఆయన నోరు తెరిస్తే నాలుగు ఆధారాలు చూపించనిదే మూయడనీ కొందరంటారు. రెండు కారణాలనూ విచారించి చూస్తే రెండూ నిజమే.

నిరుడు ఒక సబ్బుల ఫ్యాక్టరీలో సుత్తిగారు కంతలోకి కాళ్లు దించాడు, తొడలు దించాడు, నడుము దగ్గర ఆగిపోయాడు. ఊపిరి వదిలి చూశాడు. బెల్టు తీసి చూశాడు. జేబులో కళ్లజోడు పెట్టె ఉందేమోనని వెతికి చూశాడు. అడ్డం పడింది కళ్లజోడు పెట్టె కాదని చుట్టూ నిలబడ్డవాళ్లందరికీ తెలుసు. మర్యాదకు ఎవరూ అనలేదు. చివరికి ఆఫీసులో కొత్తగా చేరిన సన్నపాటి అమ్మాయి చేపపిల్లలా జారి లోపలికి వెళ్లి, కెమెరాతో ఫొటోలు తీసుకొచ్చింది. తాను చూడనిదాని కింద సుత్తిగారు సంతకం పెట్టలేదు. ఆ అమ్మాయే పెట్టింది.

ఈ ఏడు పెద్దాఫీసరు ఆయనను గదిలోకి పిలిచింది. ఆయనకన్నా పదేళ్లు చిన్న. మాట తక్కువ, మొహమాటం అంతకన్నా తక్కువ.

"మీ పనికి వంక పెట్టను. కానీ లోపలికి వెళ్లలేని మనిషి చేత లోపల బాగుందని రాయించలేను. నాలుగు నెలల్లో ఆసుపత్రి లాండ్రీ బాయిలర్ తెరుస్తారు. అప్పటికి దిగగలిగితే సరే. లేకపోతే రికార్డుల గదిలో కుర్చీ ఖాళీగా ఉంది."

"ఆ అమ్మాయి కెమెరా ఉంది కదా అంటున్నారా, మేడమ్?"

"నేననలేదు. మీరే అన్నారు."

"కెమెరాకు కళ్లున్నాయి. చెవుల్లేవు."

"మీకు రెండూ ఉన్నాయి. వాటితోపాటు ఇంకోటి కూడా ఉంది. అది తగ్గించుకు రండి."

రికార్డుల గదిలో కుర్చీ అంటే సుత్తిగారికి బాగా తెలుసు. పదిహేను బాయిలర్ల చరిత్ర అక్కడ ఒక్కో అట్టపెట్టెలో ఉంటుంది. ఒక్కటీ మోగదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ విషయం మీద పెద్ద విచారణ జరిగింది. వాది, ప్రతివాది ఇద్దరూ ఇంటివాళ్లే. కూతురు రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది, తెల్లారకముందే లేచి పది కిలోమీటర్లు పరిగెత్తుతుంది. తండ్రి ఆమెను లేడిపిల్ల అంటాడు. బావమరిదికి లారీ టైర్ల కొట్టు ఉంది, ఇరవై ఏళ్లుగా బరువులెత్తుతున్నాడు. ఆయనను ఇంటిల్లిపాదీ దూలం అంటారు. భార్య హైస్కూల్లో సైన్సు చెబుతుంది. ఇంట్లో ఆమెకు ముద్దుపేరు పెట్టే ధైర్యం ఎవరికీ చాలలేదు.

"గుండె వేగం పెరగాలి నాన్నా. ముందు వడివడిగా నడక, తర్వాత పరుగు. ఒంట్లో ఉన్నది కాలిపోవాలి. కార్డియో తప్ప వేరే దారి లేదు," అంది కూతురు.

"పరిగెత్తితే పోయేది కొవ్వొక్కటే అనుకుంటున్నారా బావగారూ, దాంతోపాటు కండా పోతుంది. బరువులెత్తండి. కండ పట్టిందంటే ఊరికే కూర్చున్నా ఒళ్లు కరుగుతూనే ఉంటుంది," అన్నాడు దూలం.

"కూర్చుంటే కరిగేట్టయితే నీ పొట్ట ఎప్పుడో కరగాలిగా మావయ్యా. రోజంతా కొట్లో కూర్చునేది నువ్వే."

"ఇది పొట్ట కాదమ్మా. పునాది."

"పునాది ఎక్కడైనా ముందుకు పొడుచుకొస్తుందా?"

"ఒరేయ్, నువ్వు పళ్లెం వైపు చూసి మాట్లాడు," అంది భార్య తమ్ముడితో. అతను మూడోసారి వడ్డించుకుంటున్నాడు.

సుత్తిగారు ఇద్దరినీ ఆపి, ఆధారాలు అడిగాడు. ఆధారాలు వచ్చాయి. రెండు సాయంత్రాలు కళ్లజోడు సర్దుకుంటూ చదివాడు. వాటి సారం సూటిగానే ఉంది. ఒకే సమయం వెచ్చిస్తే తూకం ఎక్కువగా తగ్గేది నడక, పరుగుల వల్లనే. బరువులెత్తేవాళ్లకు కాటా ముల్లు పెద్దగా కదలకపోయినా కండ నిలుస్తుంది, బలం పెరుగుతుంది. రెండూ చేసేవాళ్లకు రెండు లాభాలూ అందుతాయి. తిండి మారకపోతే ఏది చేసినా బరువు తగ్గేది కొంచెమే. నాలుగు మాటలు; నాలుగూ ఒకదానికొకటి కట్టుబడి ఉన్నవి. ఇతరుల రిపోర్టుల్లో ఒక్క వాక్యం వదిలేస్తే ఒంటికాలి మీద లేచే సుత్తిగారు, తన విషయానికి వచ్చేసరికి మొదటి వాక్యం దగ్గరే పుస్తకం మూసినంత పని చేశాడు. మూడున్నర దశాబ్దాల చదువూ ఉద్యోగమూ మనిషిని ఇందులోంచి కాపాడవు. తనకు నచ్చిన ఆధారం ఎప్పుడూ మిగతావాటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది.

"రెండూ కలిపి చేయొచ్చుగా?" అంది భార్య.

"కలిపితే దేనివల్ల ఏం జరిగిందో ఎలా తేలుతుంది? ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నువ్వు పిల్లలకు చెప్పే పాఠమే ఇది."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది.

పార్కు చుట్టూ నడక మొదలైంది. మొదటి వారం ఆయనను చేతికర్రతో నడిచే ఒక ముసలాయన రోజుకు రెండుసార్లు దాటిపోయాడు. దాటినప్పుడల్లా తల ఊపి పలకరించేవాడు. ఆ పలకరింపు సుత్తిగారికి ముల్లులా గుచ్చుకునేది. మూడో వారానికి ముసలాయనతో సమంగా నడిచాడు. ఐదో వారానికి దాటేశాడు, దాటేటప్పుడు తానూ తల ఊపాడు. అందులో కాస్త పగ ఉందని ఒప్పుకోవాలి. కూతురు బెంచీ మీద కూర్చుని గడియారం చూసేది.

"నాన్నా, మాట్లాడుతూ పరిగెత్తగలుగుతున్నావా?"

"గలుగు... తున్నా."

"అయితే సరైన వేగమే. మాట్లాడలేకపోతే చెప్పు."

"మాట్లాడలేకపోతే... ఎలా చెప్పను?"

ఎనిమిదో వారానికి సగం చుట్టు నడక, సగం చుట్టు పరుగు. తొంభై నాలుగు కిలోల మనిషి పదో వారానికి ఎనభై ఐదు అయ్యాడు. నలభై ఐదు అంగుళాల నడుము నలభై ఒకటికి వచ్చింది. కూతురు ఫ్రిజ్ అట్టపెట్టె కోసి, అచ్చంగా పదహారు, పన్నెండు అంగుళాల కంత చేసింది. సుత్తిగారు హాలు మధ్య చేతులు పైకెత్తి నిలబడ్డాడు. కుర్చీ ఎక్కి కూతురు ఆ అట్టను పైనుంచి దించింది. అది భుజాలు దాటింది, ఛాతీ దాటింది, పొట్ట దగ్గర ఒక క్షణం ఆలోచించి, కిందికి జారి పాదాల దగ్గర పడింది.

"బావగారూ, ఇక మీరు ఉత్తరాల డబ్బాలో కూడా పడతారు," అన్నాడు దూలం. ఓడిపోయినవాడి మాటలా ఉన్నా, ఆయన ఓటమి ఒప్పుకున్నట్టు మాత్రం ఎక్కడా లేదు.

ఆ హాల్లో నిలబడ్డ నలుగురికీ ఒక పొరపాటు కనిపించలేదు. వాళ్లు కంతను మనిషి మీదుగా దించారు. మనిషిని కంతలోంచి లేపి చూడలేదు.

ఆసుపత్రి కన్నా ముందు ఒక అద్దకం మిల్లు బాయిలర్ వంతు వచ్చింది. ఉదయం పదిగంటలకు మిల్లు ఫిట్టరు మూత విప్పి, లోపల గాలి పరీక్షించి, పక్కకు తప్పుకున్నాడు. సుత్తిగారు కాళ్లు దించాడు. తొడలు, నడుము, పొట్ట, ఛాతీ అన్నీ వరసగా దిగిపోయాయి. రెండేళ్ల తర్వాత ఆయన మళ్లీ గొట్టాల మీద బోర్లా పడుకున్నాడు. చీకటి, తడి ఇనుము వాసన, టార్చిలైటు వెలుగులో నీళ్ల ఉప్పు కట్టిన తెల్లటి పొర. మొదటి అతుకు మీద సుత్తి పడగానే ఖణేల్‌మంది. ఆయన కళ్లు మూసుకుని రెండోసారి తట్టాడు; పరీక్ష కోసం కాదు, వినాలనిపించి. గంటన్నరలో ప్రతి అతుకూ పలకరించి, కంత కింద లేచి నిలబడ్డాడు. గొట్టాలకూ కంతకూ మధ్య ఎత్తు ఛాతీ వరకే. అందుచేత ఛాతీ నుంచి పైభాగం బయటికి వచ్చింది. ఇక అంచు మీద రెండు అరచేతులూ ఆనించి, ఈత కొలనులోంచి గట్టెక్కినట్టు ఒళ్లు పైకి తోసుకోవాలి.

తోసుకున్నాడు. ఒళ్లు లేవలేదు.

మళ్లీ తోసుకున్నాడు. మోచేతులు నాలుగు అంగుళాలు లేచి, వణికి, చతికిలబడ్డాయి. కాళ్లు ఆనించుకుందామంటే కింద గొట్టాలు నున్నగా జారిపోతున్నాయి. పూర్వం ఈ పని చేసిన చేతులు ఎక్కడికి పోయాయో ఆయనకు అర్థం కాలేదు. తొమ్మిది కిలోల్లో అవీ కొంత పోయాయి. మిగిలినవాటికి రెండేళ్లుగా పెన్ను తప్ప మరో బరువు తెలియదు.

"ఏం సార్, ఇంకేమైనా చూడాలా?" అని అడిగాడు ఫిట్టరు.

"కాసేపు చూస్తున్నా."

"లోపల చూస్తారు గానీ, సార్, బయట ఏం చూస్తున్నారు?"

పావుగంట గడిచేసరికి మిల్లులో కబురు పాకింది. బాయిలర్ నెత్తిన ఛాతీ వరకూ మొలిచిన మనిషిని చూడడానికి అద్దకం వాళ్లు, ప్యాకింగు వాళ్లు, గేటు కాపలాదారు వచ్చారు. కూడలిలో ప్రతిష్ఠించిన విగ్రహాలకూ ఆయనకూ ఉన్న తేడా ఒక్కటే. విగ్రహాలకు చెమట పట్టదు. ఎవరో టీ కప్పు తెచ్చి బాయిలర్ మీద పెట్టారు. ఆయన తాగాడు. అంతకుమించి చేయగలిగింది ఏమీ లేదు. చివరికి పంపులు ఎత్తే గొలుసు కప్పీ తెచ్చి, చంకల కింద పట్టీ వేసి, ఫిట్టరు ఆయనను పంపు ఎత్తినట్టే ఎత్తాడు.

"పంపు కన్నా తేలికే సార్ మీరు," అన్నాడు ఫిట్టరు, ఓదార్పుగా.

కబురు ఆయనకన్నా ముందే ఆఫీసు చేరింది. పెద్దాఫీసరు నవ్వలేదు, నవ్వి ఉంటే ఆయనకు కొంత తేలికగా ఉండేది.

"లోపలి పరీక్ష బాగా చేశారు, రిపోర్టు చదివాను. కానీ ఆపద వస్తే లోపలి మనిషి తనంతట తాను బయటపడాలి. కప్పీ తెచ్చేదాకా ఆపద ఆగదు. ఆసుపత్రి బాయిలర్‌కు ఏడు వారాలుంది. ఈసారి షరతు రెండు వాక్యాలు. దిగాలి. ఎవరూ చెయ్యి వేయకుండా ఎక్కాలి."

ఆయన ఆ సాయంత్రం ఇంటికి పోకుండా తిన్నగా టైర్ల కొట్టుకు నడిచాడు. బావమరిది ఆయనను చూసి, స్టూలు జరిపి, ముందు టీ తెప్పించాడు. దూలం చరిత్రలో అది పెద్ద నిగ్రహం.

"కప్పీతో ఎత్తారటగా బావగారూ."

"ఎత్తారు."

"గొలుసు ఎన్ని టన్నులది?"

"నువ్వు నేర్పుతావా, వెళ్లిపోనా?"

దూలం నవ్వు మింగి, రెండు లారీ టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. "మధ్యలో నిలబడండి. ఇక చేతుల మీద లేచి బయటికి రండి. రెండు టైర్లతో వచ్చిన రోజు మూడోది పెడతా. నాలుగోది ఎక్కిందంటే అదే మీ బాయిలర్ ఎత్తు." వెనక గదిలోని డంబెళ్లు, బల్ల, ఇనుప కడ్డీ ఆ తర్వాత వచ్చాయి. వారానికి మూడు సాయంత్రాలు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. టైర్లు మార్పించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవర్లు, టైర్ల దొంతరలోంచి లేస్తూ కూలబడుతూ ఉన్న కళ్లజోడు పెద్దమనిషిని చూసి ముక్కున వేలేసుకున్నారు.

"ఈయన అమ్మకానికేనా?" అని అడిగాడొకడు.

"కాదు. రిపేరుకొచ్చాడు," అన్నాడు దూలం.

మూడు వారాలు గడిచాయి. మూడో టైరు పడింది. ఒక ఆదివారం కాటా ఎక్కిన సుత్తిగారు ముఖం వేలాడేసుకుని దిగాడు.

"ఎనభై ఆరున్నర. కిలోన్నర పెరిగాను. వాడి మాట విని మునిగాను."

భార్య టేపు తెచ్చి నడుముకు చుట్టింది. నలభై. పది వారాల పరుగు తర్వాత నలభై ఒకటి ఉన్న నడుము.

"బరువు పెరిగి నడుము తగ్గడమేమిటి? టేపు సాగిందేమో."

"ఇనుమూ దూదీ ఒకే తూకం వేస్తే ఒకే జాగా పడతాయా? మీరు వెళ్లాల్సింది కాటాలోంచా, కంతలోంచా?"

ఆమె టేపు చుట్టి, ఇంతకాలం దాచిన సంగతి అప్పుడు బయటపెట్టింది.

"ఇంకో విషయం. మీరు కోప్పడకండి. పార్కుకు వెళ్లిన మొదటి రోజే నేను వడ్డించే గరిటె మార్చాను. ఇది పాతదానికి మూడోవంతు తక్కువ. నూనె కూడా తగ్గించాను."

సుత్తిగారు కుర్చీలో కూర్చున్నాడు. "ఒక్కసారికి ఒక్కటే మార్చాలన్నాను కదా."

"మీరు అనేసరికే కొత్త గరిటె కొన్నాను."

"అంటే ఆ తొమ్మిది కిలోలు పరుగువి ఎన్నో, గరిటెవి ఎన్నో ఎవరికీ తెలియదు."

"తెలియదు."

"నా పరీక్ష మొత్తం పాడు చేశావు."

"పరీక్ష పాడైంది. మనిషి బాగుపడ్డాడు. మా స్కూల్లో అయితే మార్కులు మనిషికే వేస్తాం."

గుమ్మంలో నిలబడి వింటున్న కూతురు, "అయితే నా పదివారాల పని ఏమైనట్టు?" అంది. న్యాయమైన ప్రశ్నే. ఎనభై మెట్లు ఎక్కినా ఇప్పుడు తండ్రికి ఆయాసం రావడం లేదు, ఆ ఒక్కటి మాత్రం గరిటె చేసిన పని కాదని ఆయన అన్నాడు. ఆమె కొంత శాంతించింది. ఆ రోజు నుంచి ఉదయం పార్కు, సాయంత్రం టైర్లు, మధ్యలో చిన్న గరిటె. దేని వాటా ఎంతో తేల్చాలన్న పట్టుదల ఆయన వదులుకున్నాడు. ఒక ఆధారాల మనిషికి అది తొమ్మిది కిలోలు వదులుకోవడం కన్నా కష్టం.

టైర్లు మొదలైన ఆరో వారం నాలుగో టైరు పడింది. దానిలోంచి ఆయన పదిసార్లకు నాలుగుసార్లు లేచాడు. పదిసార్లకు నాలుగు అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఒక్కసారి లేస్తే చాలుగా బావగారూ," అన్నాడు దూలం.

"ఏ ఒక్కసారో ముందు తెలిస్తే చాలు."

ఆసుపత్రి లాండ్రీ వెనక గదిలో, ఉతికిన దుప్పట్ల గుట్టల పక్కన, బాయిలర్ చల్లారి ఉంది. పెద్దాఫీసరు స్వయంగా వచ్చింది. సన్నపాటి అమ్మాయి కెమెరాతో ఒక పక్కన నిలబడింది. ఆసుపత్రి ఫిట్టరు మూత విప్పి, గాలి పరీక్షించి, చేతులు కట్టుకున్నాడు; చెయ్యి వేయకూడదని అతనికి చెప్పారు. సుత్తిగారు దిగాడు. నడుము అంచుకు ఆనకుండానే పోయింది.

లోపల ఆయన తొందరపడలేదు. బయటికి రావలసిన చేతుల్ని సుత్తి ఎత్తడానికే వాడేస్తున్నానేమోనన్న బెంగ ఒకటి ఉంది. అయినా ఒక్క అతుకు కూడా వదల్లేదు. మూడో వరసలో, వెనక పలక మూల, ఒకచోట జలుబు గొంతు వినిపించింది. మళ్లీ తట్టాడు. అవును. సుద్దముక్కతో చుట్టూ గీత గీశాడు. తర్వాత కంత కింద నిలబడి, ఛాతీ బయటపెట్టి, అరచేతులు అంచు మీద ఆనించాడు.

మొదటి తోపుకు మోచేతులు సగం లేచి ఆగాయి. సన్నపాటి అమ్మాయి తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేసింది. పెద్దాఫీసరు ఆమె మణికట్టు పట్టుకుంది. సుత్తిగారు కిందికి దిగి, నిలబడి, శ్వాస సరిచేసుకున్నాడు. ఆయన గుండె అర నిమిషంలో మామూలు వేగానికి వచ్చింది. నాలుగు నెలల క్రితం దానికి పావుగంట పట్టేది. రెండోసారి తోశాడు. మోచేతులు వణికాయి, వణుకుతూనే నిటారయ్యాయి. నడుము కంత దాటింది. ఒక పిరుదు అంచు మీదికి చేరింది, తర్వాత రెండోది. అందులో అందమేమీ లేదు. బల్ల మీదికి బస్తా ఎక్కినట్టు ఎక్కాడు. కానీ ఎవరూ చెయ్యి వేయలేదు.

"వెనక పలకలో ఒక అతుకును తుప్పు తినేసింది మేడమ్. గుర్తు పెట్టాను. అది మార్చేదాకా దీన్ని వెలిగించకూడదు," అన్నాడు ఆయన, రొప్పుతూ.

సన్నపాటి అమ్మాయి కెమెరా పక్కన పెట్టింది. "సార్, ఆ శబ్దం ఒకసారి నాకు వినిపిస్తారా?"

"సుత్తి తీసుకుని దిగమ్మా. మూడో వరస, సుద్ద గీత లోపల. ముందు దాని పక్కది తట్టు, తర్వాత దాన్ని తట్టు."

ఆమె జారిపోయింది. లోపలి నుంచి ఒక ఖణేలు, ఒక మందపు చప్పుడు వినిపించాయి. పెద్దాఫీసరు కూడా విన్నది. చంకలోని ఫైలు తెరిచి, రికార్డుల గది బదిలీ కాగితాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. ఆ కింద ఉన్న పరీక్ష పత్రాన్ని, పెన్నును ఆయన ముందుకు చాచింది.

"లోపలి పరీక్ష చేసినవారు అన్నచోట సంతకం పెట్టండి."

ఆయన పెన్ను అందుకున్నాడు. అది చేతిలో ఆకులా ఊగింది. ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో మణికట్టు నొక్కి చూశాడు. రెండో చెయ్యీ ఊగుతోంది.

"కాస్త ఆగాలి మేడమ్. ఇప్పుడు పెడితే అది నా సంతకం కాదని రేపు మీరే అంటారు."

ఆమె దుప్పట్ల గుట్ట మీద కూర్చుని, ఆగింది.